చలికాలం వస్తే మా అమ్మాయి మారిపోతోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయి సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. వెళ్లి నాలుగేళ్లయింది. ఏటా దీపావళి దాటేసరికి మనిషి డీలా పడిపోతుంది. ఆదివారం రాత్రి పదకొండున్నర దాకా మేలుకొని వీడియో కాల్ చేస్తామా, అక్కడ ఉదయం 10 అయినా దుప్పట్లోంచే మాట్లాడుతుంది. ఎంత పడుకున్నా నిద్ర చాలదంటుంది. బరువు పెరిగింది, స్నేహితుల్ని కలవడం మానేసింది. ఉగాది నాటికి మళ్లీ మామూలే. ఇంటిమీద బెంగ అని మా ఆవిడ అంటుంది, బద్ధకం అని నేనంటాను. ఇది జబ్బేనా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో లక్షణాలకంటే తేదీలే ఎక్కువ సంగతి చెబుతున్నాయి. ఇంటిమీద బెంగే అయితే జూన్, జులైలలోనూ ఉండాలి. అప్పుడూ మీరు ఆమెకు ఇంతే దూరం. బద్ధకానికైతే నెలలతో పనే లేదు. ఏటా ఒకే కాలంలో వచ్చి, మందూ మాకూ లేకుండా ఒకే కాలంలో పోతోందంటే ఆ నెలల్లో మారుతున్నదేమిటో చూడాలి. మారుతున్నది వెలుతురు. హైదరాబాద్‌లో డిసెంబరు చివర్లోనూ పగలు సుమారు 11 గంటలుంటుంది. సియాటిల్‌లో అది ఎనిమిదిన్నర గంటలకు పడిపోతుంది. తెల్లవారేది దాదాపు 8 గంటలకు, పొద్దు గూకేది సాయంత్రం నాలుగున్నర లోపే. ఆపైన రోజుల తరబడి మబ్బు. చీకటితో ఆఫీసుకు వెళ్లి చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి పని రోజుల్లో సూర్యుడి మొహమే కనబడదు.

ఈ ఋతు సంబంధ డిప్రెషన్‌ను 1984లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో నార్మన్ రోసెంతాల్ బృందం 29 మంది రోగులను పరిశీలించి వివరంగా వర్ణించింది. డిప్రెషన్ అంటే నిద్ర పట్టదు, అన్నం సయించదు అనుకుంటాం. ఇందులో చాలామందికి అంతా తలకిందులు: నిద్ర ఎక్కువ, అన్నం, బ్రెడ్డు, చిప్స్, మిఠాయిల మీదికి మనసు పోవడం, ఒళ్లు బరువెక్కడం. కడుపు నిండా తిని హాయిగా పడుకున్నట్టు కనిపిస్తుంది కాబట్టే ఇంట్లోవాళ్లకు జబ్బన్న అనుమానం రాదు. కంటి వెనక పొరలో చూపుతో పెద్దగా పని లేకుండా వెలుతురును మాత్రం పసిగట్టే కణాలున్నాయి. మెదడులోని దేహ గడియారానికి తెల్లవారిందన్న కబురు వాటి నుంచే వెళుతుంది. ఆ కబురు ఆలస్యమైతే కొందరిలో గడియారం వెనకబడుతుంది. అలారం మోగి మనిషి లేచినా లోపల ఇంకా అర్ధరాత్రే. మూలకారణం పూర్తిగా ఇదేనని తేలలేదు గానీ, వైద్యంలో ఎక్కువగా పనికొస్తున్న వివరణ ఇది.

మరి ఊరంతా ఆ చీకట్లోనే బతుకుతోంది కదా, మా పిల్లకే ఎందుకని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఐస్‌లాండ్‌లో పగలు ఇంకా తక్కువ; అయినా అక్కడ ఈ జబ్బు అమెరికా తూర్పు తీరంలోకంటే తక్కువని 1990ల్లో ఒక పరిశోధన చెప్పింది. అంటే వెలుతురు తగ్గడం ఒక్కటే చాలదు, దాన్ని తట్టుకోలేని శరీర తత్వమూ తోడవాలి. 2016లో ఇంకా గట్టి అభ్యంతరం వచ్చింది: అమెరికాలో 34 వేల మందికి పైగా ఇచ్చిన జవాబులు చూస్తే చలికాలంలో డిప్రెషన్ పెరిగినట్టు కనబడలేదు. కానీ ఆ సర్వేలో ఒక్కొక్కరిని ఒక్కసారే అడిగారు. ఒకే మనిషిలో ఏటేటా తిరిగొచ్చే జబ్బు అలా అడిగితే దొరకదు. అయినా దాన్ని కొట్టిపారేయను. చలికాలంలో దిగులుపడ్డ ప్రతివాళ్లకూ ఈ పేరు తగిలించకూడదనడానికి అది మంచి హెచ్చరిక. వరసగా కనీసం రెండేళ్లు ఒకే వరసలో వచ్చి పోతేనే మేం ఈ మాట అంటాం. అంతకుముందు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు తప్పనిసరి. మగతా బరువూ ఆ దారినా రావొచ్చు.

వైద్యానికొస్తే, ముందు చెప్పాల్సింది వెలుగు పెట్టె గురించి. ఇంట్లో ట్యూబులైటు వెలుగు కళ్లకు చేరేది మహా అయితే 500 లక్స్. ఈ పెట్టె 10,000 లక్స్ ఇస్తుంది, అదీ తయారీదారు చెప్పిన దూరంలో కూర్చుంటేనే. అల్మారా మీద పెట్టి గదంతా తిరిగితే దండగ. నిద్ర లేవగానే బల్ల మీద కాస్త పక్కకు పెట్టుకుని, దానికేసి తేరిపార చూడకుండా, కాఫీ తాగుతూనో మెయిల్స్ చూసుకుంటూనో అరగంట కూర్చోవాలి. సాయంత్రం పెట్టుకుంటే నిద్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. అతినీలలోహిత కిరణాలను వడకట్టే పెట్టే కొనాలి. ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. వసంతం దాకా మానకూడదు. తలనొప్పి, కళ్లు లాగడం ఉండొచ్చు. బైపోలార్ జబ్బున్నవాళ్లకు ఇది ఉన్మాదాన్ని రేపగలదు. వాళ్లూ, రెటీనా జబ్బులున్నవాళ్లూ డాక్టరును అడక్కుండా దీని జోలికి పోకూడదు. విటమిన్ డి మాత్రలు చాలవా అని చాలామంది అడుగుతారు. లోపం ఉంటే వేసుకోవాల్సిందే, కానీ ఈ డిప్రెషన్ వాటితో తగ్గుతుందని రుజువు కాలేదు.

దీపంతో డిప్రెషన్ తగ్గడమేమిటి, మనసును మభ్యపెట్టడమేగా అంటే, కెనడా వైద్యులు 2006లో ప్రచురించిన పోలిక చూడండి. 96 మందిలో సగం మందికి వెలుగు చికిత్స, మిగతావారికి ఫ్లూక్సెటిన్ మాత్ర ఎనిమిది వారాలిస్తే రెండూ ఒకే తీరున పనిచేశాయి. దీపానికున్న అసలు లోపం వేరు: కూర్చున్నన్నాళ్లే ఫలితం. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో కెల్లీ రోహన్ బృందం 177 మందిని గమనిస్తే, రెండో చలికాలానికి జబ్బు తిరగబెట్టింది వెలుగు చికిత్స తీసుకున్నవారిలో సుమారు 46 శాతం మందికి, ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్ తీసుకున్నవారిలో 27 శాతం మందికి. నా ఉద్దేశంలో మీ అమ్మాయికి రెండూ కావాలి. ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన జబ్బు కాబట్టి సెప్టెంబరులోనే డాక్టరును కలవాలి, మంచం పట్టాక కాదు. ముందుజాగ్రత్తగా వాడేందుకు బ్యూప్రోపియాన్ మాత్రకు అక్కడ 2006 నుంచి అనుమతి ఉంది. అది అవసరమో కాదో ఆ డాక్టరే తేల్చాలి. సంక్రాంతికి రప్పిస్తే తేరుకుంటుంది నిజమే, తిరిగి వెళ్లాక ఫిబ్రవరి మాత్రం ఎదురుగానే ఉంటుంది.

ఈలోగా ఫోన్లో ‘ఇంకా లేవలేదా’ అనడం మానండి. బతకాలని లేదన్న ధోరణిలో మాటలు వినబడితే చలికాలం పోయేదాకా ఆగొద్దు. అమెరికాలో 988కి ఏ వేళ ఫోన్ చేసినా పలుకుతారు. మన దగ్గరైతే టెలి మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.