విద్యుత్ ట్రక్కు కొనేముందు

ఢిల్లీలో వాహన రుణాల దరఖాస్తులు చూసేటప్పుడు నేను ముందుగా అడిగేది బండి ధర కాదు, అది రోజూ తిరిగే దారి.

చిన్న విద్యుత్ సరుకు వాహనాలకు ఇక్కడ 2021లో ‘నో ఎంట్రీ’ వేళల నుంచి మినహాయింపు ఇచ్చారు. డీజిల్ బండి ఆగే సమయంలో ఇది మరో ట్రిప్పు వేస్తుంది. వాయిదా కట్టే బలం అక్కడే ఉంది.

2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ బ్యాటరీ 21.3 యూనిట్లు, కంపెనీ చెప్పిన దూరం 154 కిలోమీటర్లు. బరువు, ట్రాఫిక్, ఎండ తీసేసి నేను నూరుకే లెక్క కడతాను.

రాత్రి బండి నిలిపేచోటే ఛార్జింగ్ ఉండాలి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ముందే తీసుకోవాలి. రుణ గడువు బ్యాటరీ వారంటీని దాటకపోతే మంచిది.

మీవాళ్లెవరైనా కొనబోతుంటే ఈ మూడూ అడగండి: దారి, ఛార్జింగ్, వారంటీ. బండి ఆగినా వాయిదా ఆగదు.