3.3 కిలోవాట్ల ప్యానెళ్లకు ఎంత ఇన్వర్టర్?

గిద్దలూరులో మా మామయ్య ఇంటిపైన సోలార్ పెట్టించాలనుకుంటున్నారు. 550 వాట్ల ప్యానెళ్లు ఆరు, మొత్తం 3.3 కిలోవాట్లు. "ఇన్వర్టర్ మాత్రం 5 కిలోవాట్లది కొందాం, పెద్దదైతే మంచిదే గదా అల్లుడూ" అన్నారు. ఇంజనీరింగ్ చదివేవాళ్లను ఊళ్లో ఎవరైనా అడిగే ప్రశ్నే ఇది. లెక్క చూద్దాం.

ఎండ లెక్క

ప్యానెల్ మీద రాసిన 550 వాట్లు పరీక్ష గదిలో కొలిచినవి. అక్కడ చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, సెల్ వేడి 25 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో గాలే 40 దాటుతుంది. మిద్దె మీద ఆరేసిన మార్కాపురం పలకలాగే ప్యానెల్ కూడా కాలుతుంది, సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున 40 డిగ్రీల తేడాకు 14 శాతం పోతుంది. 3.3 కాస్తా 2.84 అవుతుంది. దుమ్ము, వైర్ల నష్టం వేరే. కాబట్టి 3 కిలోవాట్ల ఇన్వర్టర్ చాలు. చల్లటి రోజున కాసేపు 3 దాటినా ఇన్వర్టర్ అదనాన్ని వదిలేస్తుందంతే.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు సబ్సిడీ 78,000 రూపాయలు. అంతకు మించి పెట్టినా అంతే. 5 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు పెట్టే అదనపు డబ్బు మన జేబులోదే.

వోల్టేజీతో జాగ్రత్త

వాట్లు కొంచెం మించినా పర్లేదు, వోల్టేజీ మించకూడదు. లోడు లేనప్పుడు ఒక్కో ప్యానెల్ సుమారు 50 వోల్టులు చూపిస్తుంది. ఆరు వరుసగా కలిపితే 300. చలికాలం పొద్దున సెల్ చల్లగా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం పెరుగుతుంది. ఇన్వర్టర్ లేబుల్ మీదున్న గరిష్ఠ డీసీ వోల్టేజీ దీనికన్నా బాగా ఎక్కువ ఉండాలి.

కరెంటు పోతే?

మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కరెంటు పోగానే, ఎండ మండుతున్నా సరే, ఆగిపోతుంది. లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా ఉండాలంటే ఆగాల్సిందే. కోతల్లోనూ ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ కావాలి. దాని సైజుకు ప్యానెళ్లతో పాటు ఇంటి లోడునూ చూడాలి. నాలుగు ఫ్యాన్లు, లైట్లు, టీవీ, ఫ్రిజ్ కలిపి సుమారు 600 వాట్లు. 1 హెచ్‌పీ బోరు మోటారు నడిచేటప్పుడు దాదాపు 1 కిలోవాటే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. అందుకే మోటారును బ్యాకప్ లైను మీద పెట్టకపోవడమే మేలు.

బయానా ఇచ్చేముందు మూడు అడగండి: ఆన్‌గ్రిడ్డా హైబ్రిడ్డా? గరిష్ఠ డీసీ వోల్టేజీ ఎంత? బ్యాకప్ లైను మీద ఏమేం ఉంటాయి?