ఎదిగే పిల్లల ముందు తూకం మాటలు

ఎనిమిదో తరగతి పిల్ల ఇడ్లీ పళ్లెం ముందు కూర్చుని "అమ్మా, ఒక్కోదాంట్లో ఎన్ని కేలరీలు?" అని అడగడం ఇప్పుడు వింతేమీ కాదు. బీఎంఐ, మెటబాలిజం, కీటో, డిటాక్స్, ఇన్సులిన్ రెసిస్టెన్స్... ఒకప్పుడు డాక్టరు గది దాటని మాటలు ఇప్పుడు ఫోన్లో, స్కూలు బస్సులో, అన్నం దగ్గరా తిరుగుతున్నాయి. పిల్లల చెవిన పడకుండా ఆపడం మన వల్ల కాదు, ఆపాల్సిన పనీ లేదు. చిక్కల్లా ఒక్కటే: వీటిలో చాలావరకు ఎదుగుదల పూర్తయిన పెద్దవాళ్ల కోసం పుట్టిన కొలతలు. ఎదిగే ఒంటికి వాటిని ఉన్నవి ఉన్నట్టుగా తగిలిస్తే లెక్కా తప్పుతుంది, పిల్ల మనసూ నొచ్చుకుంటుంది.

కేలరీ శక్తికి కొలత, అంతే. ప్యాకెట్ మీద మనం కేలరీ అని చదువుకునేది నిజానికి కిలోకేలరీ, అంటే కిలో నీటిని ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కించేంత శక్తి. గ్రాము పిండిపదార్థంలో 4, గ్రాము ప్రొటీన్‌లో 4, గ్రాము కొవ్వులో 9. ఈ మూడు అంకెలు గుర్తుంటే వంటింటి సంగతులు చాలా తేటపడతాయి. చిన్న చెంచాడు, అంటే 5 గ్రాముల నూనెలో 45 కేలరీలు. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీకీ, మూకుట్లో వేగిన పూరీకీ తేడా ఎక్కువగా అక్కడే ఉంది. అడిగిన పిల్లకు ఇది చెప్పండి. తిన్న ప్రతి ముద్దనూ ఫోన్లో ఎక్కించి కూడికలు వేసే అలవాటు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి.

ప్యాకెట్ వెనక ఒక మెలిక ఉంది. రోజుకు కావలసినదాంట్లో ఇది ఇంత శాతం అని వేస్తారే, ఆ లెక్క 2000 కేలరీలు తినే సగటు పెద్ద మనిషికి కట్టింది. ఏడేళ్ల మీవాడికి అది వర్తించదు. దానికన్నా పనికొచ్చేది పదార్థాల జాబితా. బరువులో ఏది ఎక్కువో అదే ముందు రాయాలన్నది మన దేశపు నియమం. మొదటి మూడింట్లో చక్కెర ఉందంటే ముందువైపు ఎన్ని విటమిన్ల బొమ్మలు వేసినా అది మిఠాయి కిందే లెక్క. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అని కనిపిస్తే అవీ చక్కెర బంధువులే. పాలల్లో కలిపే తియ్యటి పొడులను 'హెల్త్ డ్రింక్' అనే వర్గం కింద అమ్మవద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అన్నదానికి నిర్వచనమే లేదు మరి.

ఇంకో అపోహ చిరుధాన్యాలది. రాగి సంగటి, కొర్రన్నం తింటే కేలరీలు బాగా తగ్గిపోతాయనుకుంటారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 320 కేలరీలు, అంతే బరువు పచ్చి బియ్యంలో సుమారు 355. పెద్ద తేడా ఏం లేదు. రాగుల గొప్ప పీచులోనూ కాల్షియంలోనూ ఉంది. అందుకోసం పెట్టండి, సంతోషంగా పెట్టండి.

ఇక బీఎంఐ. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె ఇది. పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే జనసమూహాలను అధ్యయనం చేస్తూ కనిపెట్టిన సూత్రం. 1972లో అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. గుంపులను పోల్చడానికి పుట్టిన కొలత కాబట్టి ఒక మనిషి ఒంట్లో కొవ్వెంతో, కండ ఎంతో అది చెప్పలేదు. పిల్లల విషయంలో మరో సంగతి కూడా ఉంది. బీఎంఐ 20 అంటే పదహారేళ్ల అమ్మాయికి మామూలే, ఆరేళ్ల పిల్లకు అదే 20 బాగా ఎక్కువ. అందుకే పిల్లలకు ఒంటరి అంకె చూడరు. వయసు, ఆడా మగా అన్నది చూసి చార్టు మీద చుక్క పెడతారు. 5 నుంచి 18 ఏళ్ల వరకు మన పిల్లల కోసమే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టులు ఉన్నాయి. పిల్లల డాక్టర్లు వాడేది అవే. అక్కడా ఒక్క చుక్కను చూసి కంగారు పడనక్కర్లేదు. రెండు మూడేళ్ల చుక్కలు కలిపి గీత ఎటు పోతోందో చూడాలి.

వెబ్‌సైట్లలో కనిపించే 25 దాటితే అధిక బరువు అన్న లెక్క పెద్దవాళ్లది. అదీ మన ఒళ్లకు సరిగ్గా అతకదు. భారతీయ పెద్దలకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని మన వైద్యులు లెక్కిస్తారు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదంటారు. పిల్లను తూచే ముందు నాన్నగారు ఓసారి టేపు చుట్టుకుని చూసుకుంటే ఇంట్లో సంభాషణ మరింత న్యాయంగా సాగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నిందలు మోసేది మెటబాలిజం. "మా వైపు అందరిదీ స్లో మెటబాలిజం, దీనికీ అదే వచ్చింది" అని పిల్ల ఎదుటే అంటుంటాం. తిన్నది శక్తిగా మారి ఒంట్లో ఖర్చయ్యే పనంతా మెటబాలిజమే. కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయడానికి కొంత శక్తి కావాలి. దాన్నే బీఎంఆర్ అంటారు. మామూలు జీవనంలో రోజు ఖర్చులో సగానికి పైగా దానికే పోతుంది. 29 దేశాల్లో 6,400 మందికి పైగా, ఎనిమిది రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల వృద్ధుల వరకు శక్తి ఖర్చును కొలిచిన అధ్యయనం 2021లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, ఏడాది నిండిన పిల్లలు పెద్దవాళ్లకన్నా ఒకటిన్నర రెట్లు వేగంగా శక్తి ఖర్చుచేస్తున్నారు. ఆ వేగం మెల్లగా తగ్గుతూ ఇరవై ఏళ్లకు పెద్దవాళ్ల స్థాయికి వస్తుంది. అక్కణ్ణుంచి అరవై దాకా దాదాపు నిలకడే. అంటే నలభైలో వచ్చిన మన పొట్టకు కూడా పాపం మెటబాలిజాన్ని తిట్టే వీల్లేదు.

థైరాయిడ్ సంగతీ ఇంతే. థైరాయిడ్ తగ్గిన పిల్లల్లో సాధారణంగా ముందు ఎత్తు పెరగడం మందగిస్తుంది. పిల్ల చక్కగా పొడవు పెరుగుతూ లావుగా ఉంటే కారణం థైరాయిడ్ కావడం అరుదు.

మనం పట్టించుకోవలసిన గుర్తు ఒకటుంది, దాన్నేమో మనం సున్నిపిండితో రుద్దుతుంటాం. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి మందంగా, మెత్తటి మఖమల్ గుడ్డలా కనిపిస్తే అది మట్టి కాకపోవచ్చు. పిల్ల స్నానం సరిగ్గా చేయక వచ్చిందీ కాదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్‌కు అది తరచు కనిపించే ఆనవాలు. రక్తంలోని గ్లూకోజ్‌ను కణాల్లోకి పంపే ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగ్గా వినకపోవడమే ఈ రెసిస్టెన్స్. అప్పుడు ఒళ్లు మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఏళ్లు గడిస్తే మధుమేహం వైపు లాగవచ్చు. రుద్దడం మానేసి పిల్లల డాక్టరుకు చూపించండి, ఇంట్లో మధుమేహం ఉంటే మరీ.

కీటో గురించి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వేరే చెప్పాలా, కొన్నేళ్ల కిందట వీధివీధినా కొబ్బరినూనె తాగినవాళ్లమే. పిండిపదార్థాన్ని దాదాపు ఆపేస్తే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేస్తుంది, ఒళ్లు వాటితో నడుస్తుంది. 1920లలో మూర్ఛ వ్యాధికి చికిత్సగా మొదలైన పద్ధతి ఇది. ఇప్పటికీ మందులకు లొంగని మూర్ఛ ఉన్న కొందరు పిల్లలకు డాక్టర్ల పర్యవేక్షణలో ఇస్తారు. బరువు కోసం కీటో మొదలుపెడితే మొదటి వారంలోనే తగ్గే రెండు మూడు కిలోల్లో చాలావరకు నీళ్లే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ కరిగినప్పుడు, దాన్ని అంటిపెట్టుకున్న నీరూ పోతుంది. అన్నం తినగానే తిరిగొస్తుంది. డిటాక్స్ రసాల మీద ఇన్ని మాటలు దండగ. ఆ పని కాలేయం, మూత్రపిండాలు ఉచితంగా చేస్తున్నాయి.

ఇంటర్ చదివే అబ్బాయి జిమ్ముకెళ్లి ప్రొటీన్ డబ్బా అడిగితే కోప్పడకండి, లెక్క చూపించండి. ఆ వయసుకు రోజుకు సుమారు 55 గ్రాముల ప్రొటీన్ చాలు. గుడ్డులో 6, గ్లాసు పాలల్లో ఇంచుమించు అంతే, మిగతాది పప్పు, పెరుగు, శనగలు, చేపా చికెన్ తీరుస్తాయి. కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ ఉంది.

పదేళ్లకూ పద్దెనిమిదేళ్లకూ మధ్య పిల్లలు తమ పెద్దప్పటి బరువులో దాదాపు సగం కూడబెట్టుకుంటారు. రజస్వలయ్యే ముందూ తర్వాతా ఆడపిల్ల తుంట్లు, తొడలు నిండటం ఆరోగ్యమే. సరిగ్గా అప్పుడే పెళ్లిళ్లలో "ఏంటే, ఇంత లావయ్యావు" అని ఎవరో ఒకరు బుగ్గ గిల్లుతారు. "ఎదిగే వయసు కదా పిన్నీ, మా డాక్టరు బాగుందన్నారు" అని అక్కడే, పిల్లకు వినపడేలా అనండి. డైటింగ్, బరువు మాటలు, ఎగతాళి ఇటు ఊబకాయానికీ అటు తిండి రుగ్మతలకూ దారితీస్తాయని, కుటుంబమంతా కలిసి తినడం మేలుచేస్తుందని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో డాక్టర్లకు స్పష్టంగా చెప్పింది. కాబట్టి నిజంగా బరువు తగ్గాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో కూడా ఆ పిల్లకు వేరే కంచం, వేరే కూర వద్దు. కూల్‌డ్రింకు సీసా ఫ్రిజ్‌లోకి రాకపోతే ఎవరికీ రాదు. సాయంత్రం నడక అంటే అమ్మా నాన్నా కూడా చెప్పులేసుకోవాలి. ఎదిగే పిల్లల్లో చాలామందికి బరువు తగ్గించాల్సిన పనే ఉండదు, పెరగకుండా నిలబెడితే ఎత్తు దాన్ని అందుకుంటుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పేది ఒక ఎత్తు. పిల్ల అన్నం మానేసి "ఫ్రెండ్స్‌తో తినేశా" అంటుంటే, తిన్న వెంటనే బాత్రూములో ఎక్కువసేపు గడుపుతుంటే, తలుపేసుకుని వ్యాయామం చేస్తుంటే, జుట్టు రాలుతుంటే, తల తిరుగుతోందంటుంటే, సక్రమంగా వచ్చే నెలసరి మూడు నెలలు రాకపోతే ఆలస్యం చేయకండి. బరువు తగ్గి బాగుందని మెచ్చుకోకండి కూడా. ఇవి తిండి రుగ్మత గుర్తులు కావచ్చు, మగపిల్లల్లోనూ అది ఉంటుంది. డాక్టరు దగ్గర మాట కిలోలతో ఎత్తుకోకుండా, తిండి ఎప్పటి నుంచి తగ్గిందో, నెలసరి చివరిసారి ఎప్పుడు వచ్చిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఆ తర్వాత కాసేపు మీరు బయట కూర్చుని, పిల్లను డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి.