ఇంటికి ఎంత అడుగుదాం?

మా రాత్రి బడికి వచ్చే అక్క ఒకామె పోయిన వేసవిలో ఇల్లు కొన్నది. పేరు రాయొద్దన్నది. లెక్క మాత్రం రాయమన్నది. "మేము పడ్డ తికమక ఇంకొకరు పడకూడదు సారూ" అన్నది. అందుకని ఆ లెక్కే ఈ పాఠం.

వాళ్ళది నెల్లూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్క బట్టలు కుడుతుంది. బావ ఆటో తోలుతాడు. 12 ఏళ్ళుగా అద్దె ఇల్లే. నెలకు 3,000 రూపాయలు అద్దె. అదే వీధిలో ఒక పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. ఇంటి పెద్దాయన కాలం చేశాడు. కొడుకు చెన్నైలో ఉద్యోగం. ఇల్లు రెండేళ్ళుగా తాళం వేసి ఉంది.

"తొమ్మిది లక్షలు. 18 అంకణాల స్థలం. ఒక్క రూపాయి తగ్గదు" అన్నాడు బ్రోకరు.

ఆ రాత్రి అక్క, బావ ఇద్దరూ బడికి వచ్చారు.

"ఎనిమిదిన్నరకు అడుగుదామా? ఎనిమిదికి అడుగుదామా?" అన్నాడు బావ.

నేను ఒక్క మాట అడిగాను. "తొమ్మిది అని చెప్పింది వాళ్ళు. మన లెక్క అక్కడి నుంచి ఎందుకు మొదలుపెట్టాలి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క నోటు పుస్తకం తెరిచింది. ఒక పేజీకి 'ఇంటి లెక్క' అని పేరు పెట్టింది. ఎదుటి పేజీకి 'మన లెక్క' అని పెట్టింది.

ఇంటి లెక్క

ముందు స్థలం కొలవాలి. చెప్పిన మాట నమ్మకూడదు, టేపు పట్టాలి. మన నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు పోతే అంకణం 36 చదరపు అడుగులే. మాట ఒకటే, స్థలం సగం! అందుకని ఎక్కడ కొన్నా అడుగుల్లో కొలిచి, అడుగుల్లోనే రాసుకోవడం మంచిది.

అక్క, బావ చెరో కొస పట్టుకుని కొలిచారు. వెడల్పు 24 అడుగులు. పొడవు 48 అడుగులు.

24 × 48 = 1,152 చదరపు అడుగులు.
1,152 ÷ 72 = 16 అంకణాలు.

బ్రోకరు చెప్పింది 18. ఉన్నది 16. ఆ రెండు అంకణాలు ఎక్కడ పోయాయి? పాత దస్తావేజు తీయించి చూశాం. అందులోనూ 16 అనే ఉంది. మరి 18 అని ఎవరు మొదలుపెట్టారో ఇప్పటికీ తెలియదు.

తరవాత ధర. వెనక వీధిలో సంక్రాంతికి ఖాళీ స్థలం ఒకటి అమ్ముడుపోయింది. అమ్మినాయన అంకణం 32,000 అన్నాడు. కొన్నాయన 30,000 అన్నాడు. అమ్మినవాళ్ళు కాస్త పెంచి చెబుతారు, ఇద్దరినీ అడగాలి. అక్క 30,000 వేసుకుంది.

16 × 30,000 = 4,80,000.

ఇక ఇల్లు. తెలిసిన మేస్త్రీని తీసుకుపోయి చూపించారు. గోడలు, పునాది గట్టిగా ఉన్నాయన్నాడు. పైకప్పు బాగున్నట్టయితే కట్టడానికి 2,50,000 వేసుకోవచ్చు అన్నాడు. కానీ వాసాలు పుచ్చిపోయాయి. కప్పు మార్చాలంటే 70,000 అవుతుంది.

4,80,000 + 2,50,000 – 70,000 = 6,60,000.

తొమ్మిది లక్షలని విన్నప్పుడు ఈ అంకె ఎవరికీ తోచలేదు.

మన లెక్క

రెండో పేజీలో అక్క తమ దగ్గర ఉన్నది రాసింది.

పోస్టాఫీసు, బ్యాంకులో దాచింది: 3,30,000
చీటీ పాడితే వచ్చేది: 2,00,000
పొదుపు సంఘం అప్పు: 1,50,000
వాళ్ళ అన్న ఇస్తానన్నది: 1,00,000
మొత్తం: 7,80,000

"ఇంకేం! ఏడు లక్షల ఎనభై దాకా పోవచ్చు" అన్నాడు బావ. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఉన్నదంతా ఇంటి ధర కాదు. రిజిస్ట్రేషన్‌కు కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమ్మకం దస్తావేజుకు స్టాంపు, ఫీజు అన్నీ కలిపి నూటికి ఏడున్నర రూపాయల దాకా అవుతుంది. ప్రభుత్వం ఆ స్థలానికి కట్టిన విలువ, మనం రాసుకున్న ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. ఈ రేట్లు మారుతుంటాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ముందే అడగండి.

దస్తావేజు రాసినందుకు ఇచ్చేదీ కలిపి అక్క 50,000 పక్కన పెట్టింది. వానలు రాకముందే కప్పు వేయాలి, దానికి 70,000. పిల్లలకు జ్వరం వస్తే, ఆటో మూలపడితే చేతిలో ఉండాలని 20,000.

7,80,000 – 1,40,000 = 6,40,000.

"కప్పు ఖర్చు రెండుసార్లు తీసేశాం కదా?" అని అడిగింది అక్క. మంచి ప్రశ్న. ఇంటి లెక్కలో తీసింది, ఆ ఇంటి విలువ అంత తక్కువ కాబట్టి. మన లెక్కలో తీసింది, ఆ డబ్బు మనం నిజంగా ఖర్చు పెట్టాలి కాబట్టి. రెండూ వేరు వేరు లెక్కలు.

ఇల్లు 6,60,000 చేస్తుంది. మనకు 6,40,000 దాకా ఓపిక ఉంది. ఏది తక్కువైతే అదే హద్దు. అక్క 6,40,000 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఆ అంకె బ్రోకరుకు కాదు కదా, పక్కింటామెకు కూడా చెప్పొద్దన్నాను.

హద్దు వేరు, మొదట అడిగేది వేరు. మొదటే 6,40,000 అంటే ఇక పైకి పోవడానికి చోటుండదు. మరీ మూడు లక్షలంటే వాళ్ళు మాట్లాడరు. 5,80,000 అడుగుదామనుకున్నారు.

బేరం

ఇంటాయన చెన్నై నుంచి వచ్చాడు. అక్క కొలతలు చూపించింది. పుచ్చిన వాసాలు చూపించింది. "అన్నా, 5,80,000 అయితే మాకు కుదురుతుంది" అన్నది. ఆయనకు కోపం వచ్చింది. కానీ 18 అంకణాల మాట మళ్ళీ ఎత్తలేదు. ఎనిమిది అన్నాడు. ఏడు అన్నాడు. మధ్యాహ్నానికి 6,75,000 దగ్గర ఆగాడు. అక్క కూడా కొంచెం కొంచెం ఎక్కి 6,40,000 దగ్గర ఆగింది.

"35,000 కోసం ఇల్లు పోగొట్టుకుంటారా అమ్మా? సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నారు" అన్నాడు బ్రోకరు.

బావ మెత్తబడ్డాడు. మూడు రూపాయల వడ్డీకి తెస్తానన్నాడు. అక్క అక్కడే నోటు పుస్తకంలో రాసింది. నూటికి నెలకు మూడు రూపాయలంటే 35,000కు నెలకు 1,050. ఏడాదికి 12,600. అసలు అసలే. అద్దె మిగిలే 3,000 పొదుపు సంఘం కిస్తీకే సరిపోతుంది. ఈ 1,050 ఎక్కడి నుంచి వస్తుంది?

"పోదాం పద" అన్నది. లేచి వచ్చేశారు. ఆ రాత్రి బడిలో అక్క ఒక్క అక్షరం రాయలేదు. ఇల్లు పోయిందనే అనుకున్నాం. నిజం చెప్పాలంటే, నేను తప్పు సలహా ఇచ్చానేమో అనిపించింది.

ఆ ఇంకో పార్టీ రాలేదు. పన్నెండు రోజులకు ఇంటాయనే ఫోన్ చేశాడు. "సరే చెల్లెమ్మా, 6,40,000. రేపు లక్ష నగదు బయానా ఇవ్వండి."

అక్క వెంటనే ఇవ్వలేదు. ముందు ఈసీ తీయించింది. ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన తాకట్టులు, అమ్మకాలు చూపే కాగితం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇస్తారు. తాకట్టు ఏమీ లేదు. కానీ ఇల్లు చనిపోయిన తండ్రి పేరునే ఉంది. ఆయన వీలునామా రాయలేదు. గూడూరులో కూతురు ఉంది. తండ్రి ఆస్తిలో కూతురికీ వాటా ఉంటుంది. ఆమె సంతకం లేకపోతే రేపు కోర్టు మెట్లెక్కాలి. ఎంత తగ్గించి కొన్నా అది చౌక కాదు.

చెల్లెలు వచ్చింది. అన్నా చెల్లెలు ఇద్దరూ అగ్రిమెంటు మీద సంతకం పెట్టారు. బయానా బ్యాంకు ద్వారా ఇచ్చారు. ఇల్లు, స్థలం అమ్మకంలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ రోజున అక్క వేలిముద్రతో పాటు సంతకం కూడా పెట్టింది. కప్పు జూన్‌లో వేశారు.

చేసి చూడండి

1. ఒక స్థలం 24 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు ఉంది. నెల్లూరు కొలతలో ఎన్ని అంకణాలు? ఎన్ని గజాలు?

2. మూడు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే ఏడాదికి వడ్డీ ఎంత?

3. మీ వీధిలో ఈ మధ్య అమ్ముడుపోయిన స్థలం ధర కనుక్కోండి. అమ్మినవాళ్ళనూ కొన్నవాళ్ళనూ అడగండి. రెండు అంకెలూ రాయండి: ............ , ............