పాత ఫొటో స్లైడులు స్కానింగ్‌కు ఇస్తున్నారా? చేయవలసినవి - చేయకూడనివి

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కొత్త ఫ్లాటుకు మారేటప్పుడు కొన్ని ఇళ్లలో పాత రేకు డబ్బా ఒకటి బయటపడుతుంది. మూత తీస్తే రెండంగుళాల చదరపు అట్ట ఫ్రేములు, ఒక్కో ఫ్రేము నడుమ తపాలా బిళ్లంత రంగుల ఫిల్ము. విదేశాల్లో చదువుకున్న, ఉద్యోగాలు చేసిన డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు ఒకప్పుడు తీసుకున్న స్లైడులవి. వాటిని స్కాన్ చేయించి ఫోన్లలో పెట్టుకోవాలని పిల్లలు అడుగుతున్నారు. మంచి ఆలోచనే. అయితే డబ్బా గడప దాటే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి: స్లైడుకు నెగెటివ్ ఉండదు.

కెమెరాలో వెలుగు పడిన ఫిల్మే డెవలప్ అయి ఆ ఫ్రేములోకి వస్తుంది. ప్రింటు పోతే నెగెటివ్ నుంచి మరొకటి వేయించుకోవచ్చు. స్లైడు పోతే ఆ ఫొటో పోయినట్టే. మా నాన్నగారి డబ్బా మీద 36 అని రాసి ఉంది. స్కానింగ్‌కు వెళ్లి వచ్చాక లెక్కపెడితే 35 ఉన్నాయి. జాబితా రాసుకోలేదు కాబట్టి పోయింది ఎవరి ఫొటోయో మాకు ఈనాటికీ తెలియదు. మీ ఇంట్లో అలా జరగకుండా ఈ సూచనలు తప్పక పాటించండి.

చేయవలసినవి

డబ్బా తెరిచేటప్పుడు

• చేతులు సబ్బుతో కడుక్కుని, తడి పూర్తిగా ఆరాకే స్లైడు ముట్టుకోండి.
• ఫ్రేము అంచులు పట్టుకుని ఎత్తండి. ఫిల్ము మీద పడిన వేలిముద్ర అక్కడే నాటుకుపోతుంది.
• బూజు వాసన వచ్చే డబ్బాను మాస్కు పెట్టుకుని, ఫ్యాను ఆపి తెరవండి.
• వెనిగర్‌లా పుల్లటి వాసన వేసే స్లైడులను వెంటనే వేరుగా పెట్టండి. ఫిల్ము చెడుతోందనడానికి అది గుర్తు, ఆ చెడు పక్కవాటికీ పాకుతుంది.
• గాజు ఫ్రేముల స్లైడులను విడదీసి, వాటి సంగతి స్కానింగ్ చేసేవారికి ముందే చెప్పండి. గాజు పగిలితే ఫిల్ము గీసుకుపోతుంది, వేలు తెగుతుంది.
• ఫ్రేమును రెండు వైపులా చదవండి. కొడాక్ అట్ట ఫ్రేముల మీద డెవలప్ చేసిన నెల, సంవత్సరం తరచూ అచ్చువేసి ఉంటాయి.
• ప్రతి అట్ట ఫ్రేము మీద మెత్తటి పెన్సిలుతో వరుస నంబరు వేయండి. ప్లాస్టిక్ ఫ్రేమైతే సన్నటి మార్కరుతో రాసి, సిరా ఆరనివ్వండి.
• ట్యాబ్ తెరను పూర్తి తెలుపు చేసి, దానిమీద స్లైడులు పరిచి, నంబర్లతో సహా ఫొటో తీసుకోండి. ఒకటి తగ్గితే అది ఏదో తెలుస్తుంది.
• పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు, ఊరు, సందర్భం రాసుకోండి. ఆ ముఖాలను గుర్తుపట్టగలిగేది వారే.
• సంవత్సరం తెలియకపోతే ఊరి గుర్తులు చూడండి. హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధ విగ్రహం లేకపోతే అది 1992 డిసెంబరుకు ముందు ఫొటో. నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం లేకపోతే 1976కు ముందుది.

సంస్థను ఎంచుకునేటప్పుడు

• స్కానింగ్ జరిగే గదిని స్వయంగా చూడండి. కౌంటరు మీ వీధిలో ఉన్నా పని మరో ఊళ్లో జరుగుతుండవచ్చు.
• ముందు పది స్లైడులే ఇచ్చి నమూనా చూడండి. వాటిలో చీకటిగా ఉన్నదొకటి, రంగు వెలిసినదొకటి ఉండాలి.
• ఫిల్ము స్కానరు మీద చేస్తారా, ఫ్లాట్‌బెడ్ మీదా, కెమెరాతో తీస్తారా అని అడగండి.
• 4,000 డీపీఐ కోరండి. 24 × 36 మిల్లీమీటర్ల ఫిల్ము నుంచి సుమారు 21 మెగాపిక్సెళ్లు వస్తాయి. 2,400 డీపీఐలో 8 కూడా రావు.
• దాచుకోవడానికి టిఫ్, పంచుకోవడానికి జేపెగ్ రెండూ అడిగి తీసుకోండి.
• నిల్వకు ఎంత చోటు కావాలో ముందే లెక్కవేసుకోండి. 4,000 డీపీఐలో 16 బిట్ల టిఫ్ ఒక్కోటి దాదాపు 128 ఎంబీ, 500 స్లైడులకు 64 జీబీ.
• కొడాక్‌వారి కొడాక్రోమ్ ఫిల్ము స్లైడులను విడిగా కట్టి, ఆ పేరు చెప్పి ఇవ్వండి. ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తొలగించే మామూలు పద్ధతి వాటి మీద సరిగా పనిచేయదు, బొమ్మ వివరాలనే చెరిపేయవచ్చు.
• ధర, గడువు, స్లైడు పోతే ఎవరి బాధ్యత, వారి కంప్యూటర్లలో మీ ఫైళ్లు ఎప్పుడు తొలగిస్తారు అనే నాలుగూ కాగితం మీద రాయించుకోండి.

అప్పగించేటప్పుడు

• మీరే తీసుకెళ్లి ఇవ్వండి.
• కౌంటరు దగ్గర ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. రసీదు మీద సంఖ్య, సంతకం, తేదీ వేయించుకోండి.
• గట్టి పెట్టెలో స్లైడులను నిలువుగా, కదలకుండా సర్దండి.
• వానాకాలంలో పెట్టెను జిప్‌లాక్ కవరులో ఉంచి, సిలికా జెల్ పొట్లం వేయండి.
• రెండు మూడు విడతలుగా ఇవ్వండి. మొదటిది ఇంటికి చేరాకే రెండోది పంపండి.
• విదేశాల నుంచి తెచ్చేటప్పుడు చేతి సంచిలోనే పెట్టుకోండి. డెవలప్ అయిన ఫిల్ముకు విమానాశ్రయం ఎక్స్‌రే వల్ల హాని లేదు.

తిరిగి తీసుకునేటప్పుడు, ఆ తర్వాత

• అక్కడే నిలబడి, నంబర్ల వరుసలో లెక్కపెట్టుకోండి.
• ప్రతి ఫైలూ తెరిచి, పెద్దది చేసి చూడండి. దుమ్ము, గీతలు, కోసుకుపోయిన అంచులు కనిపిస్తే మళ్లీ చేయమనండి.
• కుడి ఎడమలు సరిచూడండి. దుకాణం బోర్డు అక్షరాలు తిరగబడినా, మన ఇంటి ఆడవాళ్ల పైట కుడి భుజాన కనిపించినా స్లైడును తిరగేసి స్కాన్ చేశారని అనుమానించండి.
• మూడు ప్రతులు దాచండి: ఇంట్లో ఒక హార్డ్‌డిస్క్, వేరే ఊళ్లో బంధువుల దగ్గర మరొకటి, క్లౌడ్‌లో ఇంకొకటి.
• అసలు స్లైడులను పాలీప్రొపిలిన్ కవర్లలో పెట్టి, చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే బీరువా అరలో ఉంచండి.
• సేవలో లోపం ఉంటే రసీదు చేతపట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.
• ఆన్‌లైన్‌లో డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

చేయకూడనివి

డబ్బా తెరిచేటప్పుడు

• ఫిల్మును తడిగుడ్డతో, చీర చెంగుతో, గాజు తుడిచే ద్రావకంతో తుడవకండి.
• నోటితో ఊదకండి. తుంపర పడిన చోట మచ్చ నిలిచిపోతుంది. రబ్బరు బ్లోయరు వాడండి.
• బూజును నీళ్లతో కడగకండి. బూజు తిన్న పొర తడి తగిలితే కరిగి జారిపోతుంది.
• ఎండలో ఆరబెట్టకండి.
• తడిసిన స్లైడులను ఒకదానికొకటి అంటుకుని ఆరనివ్వకండి. ఆరాక విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది.
• డబ్బాలో కలరా ఉండలు వేయకండి. చీరలకు వేసినట్టు వీటికీ వేస్తే ఆ ఆవిరి ఫిల్మునూ ప్లాస్టిక్‌నూ చెడగొడుతుంది.
• స్లైడులను అటక మీద గానీ సెల్లార్‌లో గానీ పెట్టకండి. ఒకచోట వేడి, ఒకచోట నీళ్లు. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో మరిచిపోకండి.
• అమెరికా నుంచి తెచ్చిన ప్రొజెక్టరును ఇక్కడి ప్లగ్గులో పెట్టకండి. అది 120 వోల్టులది, మన కరెంటు 230 వోల్టులు.
• పనిచేసే ప్రొజెక్టరులోనైనా ఒకే స్లైడును ఎక్కువసేపు నిలపకండి. చీకట్లో రంగు బాగా నిలిచే కొడాక్రోమ్ ఆ వెలుగుకు త్వరగా వెలిసిపోతుంది.
• అట్ట ఫ్రేము చించి ఫిల్ము బయటికి లాగకండి.
• డెవలప్ చేయని కొడాక్రోమ్ రీలు దొరికితే రంగుల్లో డెవలప్ చేస్తామనేవారికి ఇవ్వకండి. కొడాక్రోమ్‌ను అలా డెవలప్ చేసే చివరి ల్యాబ్ 2010 డిసెంబరులో రీళ్లు తీసుకోవడం ఆపేసింది.

సంస్థను ఎంచుకునేటప్పుడు

• ధర ఒక్కటే చూసి ఇవ్వకండి.
• స్లైడును గోడ మీద వేసి ఫోనుతో తీసిన ఫొటోను స్కాన్ కింద ఒప్పుకోకండి.
• కృత్రిమ మేధతో 'మెరుగుపరిచిన' ప్రతిని మాత్రమే తీసుకోకండి. అది నాయనమ్మ ముఖంలో లేని కళ్లు, లేని పళ్లు పెడుతుంది. మార్చని స్కాన్ మీ చేతికి రావాలి.
• మొత్తం సొమ్ము ముందే కట్టకండి.
• చదవకుండా సంతకం చేయకండి. మీ ఫొటోలను ప్రకటనలకు వాడుకునే అనుమతి అందులో ఉండవచ్చు.
• 'మా దగ్గర ఎప్పుడూ ఏదీ పోలేదు' అన్న నోటిమాటతో ఇచ్చేయకండి.

అప్పగించేటప్పుడు

• గేటు దగ్గర సెక్యూరిటీ చేతికి పెట్టె ఇచ్చి ఆఫీసుకు వెళ్లిపోకండి. ఎవరు ఎప్పుడు తీసుకున్నారో తేలదు.
• బైకు మీద పార్శిళ్లు చేరవేసే యాప్‌ల ద్వారా పంపకండి. కొరియరు ఇచ్చే పరిహారంతో పోయిన స్లైడు తిరిగి రాదు.
• నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా పని ఉన్న రోజు ఈ పెట్టె వెంట తీసుకెళ్లకండి. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు, బయట ఎవరికో అప్పగించాల్సి వస్తుంది.
• ఎండాకాలంలో కారు డిక్కీలో వదిలేయకండి.
• స్లైడుల కట్టకు రబ్బరు బ్యాండు వేయకండి. ఫ్రేములు వంగుతాయి, పాత రబ్బరు కరిగి అంటుకుంటుంది.
• పెళ్లి ఫొటోలన్నీ ఒకే పెట్టెలో, ఒకే రోజు పంపకండి.

తిరిగి తీసుకునేటప్పుడు, ఆ తర్వాత

• స్కాన్ అయిపోయిందని అసలు స్లైడులను పారేయకండి. రేపు ఇంతకన్నా మంచి స్కానరు వస్తే మళ్లీ ఆ ఫిల్మే కావాలి.
• ఒక్క పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోకండి.
• వాట్సాప్‌లో వచ్చిన ఫొటోనే అసలు ప్రతిగా దాచుకోకండి. అది కుదించిన ఫైలు.
• టిఫ్ ఫైలు మీద నేరుగా రంగులు దిద్దకండి. నకలు తీసి, దాని మీద దిద్దండి.
• 'మీ ఫొటోలు సిద్ధం' అంటూ తెలియని నంబరు నుంచి వచ్చిన లింకు నొక్కకండి, ఏపీకే ఫైలు ఫోనులో ఎక్కించకండి.
• డబ్బు వాపసు ఇస్తామంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయకండి, పిన్ కొట్టకండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు.
• చిన్నపిల్లల స్నానం ఫొటోలు, పాస్‌పోర్టు, ఇంటి చిరునామా కనిపించే ఫొటోలు అందరికీ తెరుచుకునే లింకులో పెట్టకండి.

ఈ ఆదివారమే డబ్బా దించండి. ఇంట్లో పెద్దవారిని పిలవండి. ఒక్కో స్లైడునూ వెలుగుకు పెట్టి చూసి, నంబరు వేసి, పక్కన పేరు రాయండి. ఆ జాబితా పూర్తయ్యేదాకా ఒక్క స్లైడూ ఇల్లు దాటనివ్వకండి.