ప్రమాదములో ఇంటి పెద్ద మరణించినచో కుటుంబమునకు గల హక్కులు

పొలము పని ముగించుకొని సాయంకాలము రోడ్డు ప్రక్కన నడచి వచ్చుచున్న కూలివానిని లారీ ఢీకొట్టినది. ఆసుపత్రికి చేరకముందే ఆతడు ప్రాణము విడిచెను. ఇంటిలో భార్య, ఇద్దరు బిడ్డలు, వృద్ధురాలైన తల్లి. పదునొకండవ దినమైనను గడువకమునుపే లారీ యజమాని మనుష్యులు ఊరి పెద్దలను వెంటబెట్టుకొని వత్తురు. యాభైవేల రూపాయలు ముందుంచి, కాగితముపై వేలిముద్ర అడుగుదురు. “కోర్టుల చుట్టు తిరిగి ఏమి బావుకొందువమ్మా!” అని బంధువులలోనే ఒకరు పలుకుదురు. ఇట్టి దృశ్యము మన పల్లెలకు క్రొత్తది కాదు. ఆ వేలిముద్ర వేయకముందు ఆ ఇల్లాలు తెలిసికొనవలసిన సంగతులను ఇచ్చట వివరింపదలచితిమి.

రోడ్డుపై తిరుగు మోటారు వాహనమునకు, దానివలన ఇతరులకు కలుగు నష్టమునకై బీమా ఉండి తీరవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించుచున్నది. కావున పరిహారము కోరుట యజమానిని దేబిరించుట కాదు. అది చట్టము ఇచ్చిన హక్కు. దరఖాస్తును మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో దాఖలు చేయవలెను. ప్రమాదము జరిగిన చోటికే పోనక్కరలేదు. తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే వేసికొనవచ్చును. పాలమూరు నుండి బొంబాయికి, అనంతపురము నుండి బెంగుళూరికి కూలికి పోయి అచ్చట మరణించినవారి కుటుంబములకు ఇది ఎంతయో మేలు. అయితే ఆలస్యము కూడదు. 2019లో చేసిన సవరణ వలన ఆరు నెలల గడువు ఏర్పడి, 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ గడువులోపలనే దరఖాస్తు వేసికొనుట క్షేమము.

పరిహారము ఎంత వచ్చును? ఇది న్యాయమూర్తి ఇష్టానుసారము చెప్పు అంకె కాదు. 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేఠీ కేసులోను సుప్రీంకోర్టు లెక్క కట్టు పద్ధతిని నిర్ణయించినది. పైన చెప్పిన కూలివాని వయస్సు 34 ఏండ్లు, నెలకు ఆదాయము 12,000 రూపాయలు అనుకొందము. నలుబది ఏండ్లలోపు వాడు గనుక, ముందుముందు ఆదాయము పెరుగునని నూటికి 40 వంతున కలుపుదురు, 16,800 అగును. ఆతనిపై ఆధారపడినవారు నలుగురు గనుక, ఆతని స్వంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేయుదురు, 12,600 మిగులును. ఏడాదికి 1,51,200. ఆ వయస్సునకు హెచ్చించు అంకె 16. వెరసి 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భర్తృవియోగము మున్నగు పద్దుల క్రింద వచ్చునది దీనికి అదనము. యాభైవేలకును దీనికిని గల అంతరమును పాఠకులే చూచుకొనగలరు. ఆదాయమును రుజువు చేయుట కూలివారి విషయమున కష్టమే. పని యిచ్చిన రైతు సాక్ష్యము, బ్యాంకు పుస్తకము వంటివి అక్కరకు వచ్చును.

మరణించినది ఇల్లాలైనచో “ఆమె సంపాదన ఏమున్నది?” అని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్నయే తప్పు. వంట, బిడ్డల పోషణ, వృద్ధుల సేవ, పొలములో చేయూత, ఇవన్నియు విలువగల పనులేయని, వానికి ఆదాయము లెక్కకట్టవలసినదేయని సుప్రీంకోర్టు 2021లో కీర్తి కేసులో స్పష్టపరచినది.

ప్రాణము దక్కి అవయవము పోయినవారికిని పరిహారము కలదు. డాక్టరు వ్రాసిన వైకల్యపు శాతము ఒక్కటే కొలత కాదు. దానివలన ఆ మనిషి పని ఎంత పోయినదో చూడవలెనని 2010లో రాజ్ కుమార్ కేసులో తీర్పు వచ్చినది. కాలు పోయిన గుమాస్తా బల్ల ముందు కూర్చుండగలడు. కాలు పోయిన తాటిచెట్టు ఎక్కువాని సంగతి వేరు.

ఢీకొట్టిన వాహనము జాడ తెలియనిచో నిరాశ వలదు. అట్టి ప్రమాదములలో మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ఇచ్చు పథకము 2022 ఏప్రిల్ 1 నుండి ఉన్నది. దరఖాస్తు రెవెన్యూ డివిజను అధికారి కార్యాలయములో ఇయ్యవలెను.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. సరుకుల వాహనములో ఊరకనే ఎక్కి ప్రయాణించువారి విషయమున బీమా కంపెనీకి బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పెండ్లికో, తిరునాళ్లకో ట్రాక్టరు తొట్టిలో నలుబదిమంది ఎక్కుట మనవారికి అలవాటు. అది బోల్తాపడినచో బీమా కంపెనీ అడ్డము చెప్పును. అప్పుడు యజమానిపై డిక్రీ వచ్చినను, ఆయన ఆస్తి రెండెకరములే అయినచో చేతికి ఏమి దక్కును?

ఇక డబ్బు వచ్చిన తరువాతి మాట. అసలు చిక్కు తరచుగా ఇచ్చటనే పుట్టును. పరిహారము ఇంటి మగవారికి చెందునది కాదు. భార్యకును, బిడ్డలకును, తల్లికిని వాటాలు ట్రిబ్యునలే నిర్ణయించును. మైనరు బిడ్డల సొమ్మును వారికి వయస్సు వచ్చువరకు బ్యాంకులో డిపాజిటు చేయించుట ఆచారము. మరిదియో, మేనమామయో “నా ఖాతాలో వేయించుము, నేను చూచుకొందును” అన్నచో ఆ మాట వినరాదు. మంచివారే కావచ్చును, అయినను ఖాతా ఆమె పేరిటనే ఉండవలెను.

కోడలిని పుట్టింటికి పంపివేయు ప్రయత్నములును జరుగును. మృతుని స్వంత ఆస్తిలో భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి సమాన వాటాదారులని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చెప్పుచున్నది. ఆమెకు స్వంత ఆధారము లేక, మామగారి చేతిలో ఆమె వాటా పొందని ఉమ్మడి ఆస్తి ఉన్నచో, పునర్వివాహము చేసికొననంతవరకు ఆయననుండి మనోవర్తి కోరవచ్చును. భర్త పోయినను ఆ ఇంటిలో నివసించు హక్కు గృహహింస చట్టము క్రింద ఆమెకు కలదని 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు తేల్చినది. జీవించియుండియు భార్యాబిడ్డలను పోషింపని భర్తపై మనోవర్తి దరఖాస్తు, 2024 జులై 1 నుండి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను క్రింద వేయవలెను. వృద్ధులైన తల్లిదండ్రులును ఆ సెక్షను క్రిందనే కొడుకులను అడుగవచ్చును.

వకీలుకు ఇచ్చుటకు డబ్బులేదని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు తమ ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును పొందవచ్చును. మండల కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీ కార్యాలయములో అడుగవచ్చును. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. పోవునప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నకలు, శవపరీక్ష నివేదిక, మరణ ధ్రువపత్రము, తహశీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల పత్రము, ఆధారు కార్డులు, బ్యాంకు పుస్తకము వెంట తీసికొని పోవలెను. అసలు కాగితములు తమవద్దనే ఉంచుకొని నకళ్లు మాత్రమే ఇయ్యవలెను. ఇచ్చిన ప్రతిదానికి రశీదు అడిగి పుచ్చుకొనవలెను.