సిట్జెస్‌లో ఒక రాత్రి ఉండు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన ప్లాను చూశాను. బార్సిలోనాకి మూడు రోజులు పెట్టుకోవడం బాగానే ఉంది. కానీ “సిట్జెస్: మధ్యాహ్నం 2 నుంచి 4” అని రాసుకున్నావు చూడు, అదొక్కటే నాకు నచ్చలేదు. ఆ వేళకి అక్కడ సగం దుకాణాలు మూసేసి ఉంటాయి, ఊరివాళ్లంతా భోజనాల దగ్గర ఉంటారు, ఎండ నడినెత్తిన ఉంటుంది. మీరు చర్చి ముందు ఒక ఫొటో, ఇసకలో ఒక ఫొటో దిగి వచ్చేస్తారు. బార్సిలోనాలో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవు దొరికితే చాలు, నేను ఆ ఊరికే వెళ్లేదాన్ని. నువ్వు దాన్ని అలా చూసి రావడం నాకు ఇష్టం లేదు. పెద్ద ఊళ్లో ఒక రాత్రి తగ్గించుకుని సిట్జెస్‌లో పడుకోండి.

సాంట్స్ స్టేషన్లో ఆర్2 సూద్ రైలు ఎక్కితే దాదాపు 40 నిమిషాల్లో దిగుతారు. సంచులు ఒళ్లో పెట్టుకోండి, ఆ స్టేషన్లో జేబుదొంగల బెడద ఎక్కువ. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోవాలి. కాస్టెల్‌డెఫెల్స్ దాటాక గరాఫ్ కొండలు సముద్రం మీదికి వచ్చేస్తాయి. అక్కణ్ణించి సొరంగాలే. ఒక సొరంగం అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు కిటికీ నిండా నీళ్లు కనిపిస్తాయి. గరాఫ్ స్టేషన్ దగ్గర కిందికి చూడు, ఆకుపచ్చ, తెలుపు రంగులు వేసిన చిన్న చిన్న చెక్క గదులు ఇసక మీద వరసగా ఉంటాయి. ఈ రైలు మార్గం 1881లో పడింది. పట్టుబట్టి వేయించినవాడు ఫ్రాన్సెస్క్ గుమా, పక్క ఊరు విలనోవా మనిషి. క్యూబాలో సంపాదించి తిరిగొచ్చాడు.

ఆ క్యూబా సంగతి తెలిస్తేనే నీకు సిట్జెస్ అర్థమవుతుంది. 19వ శతాబ్దంలో ఈ తీరంలో కుర్రాళ్లు పదిహేను, పదహారేళ్లకే ఓడెక్కి క్యూబా వెళ్లిపోయేవాళ్లు. రమ్ము సీసా మీద కనిపించే బకార్డీ పేరు కూడా ఇక్కడిదే. ఫకుందో బకార్డీ సిట్జెస్‌లో పుట్టి, 1830లో సాంతియాగో ద క్యూబా చేరి, 1862లో అక్కడ రమ్ము బట్టీ పెట్టాడు. అందరూ అక్కడే ఉండిపోలేదు. డబ్బు చేసుకుని తిరిగొచ్చినవాళ్లు ఊళ్లో పెద్ద పెద్ద ఇళ్లు కట్టుకున్నారు. ఊరివాళ్లు వాళ్లని అమెరికానోలు అనేవారు. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చినవాళ్లు గోదావరి పల్లెల్లో కట్టిన మేడలు చూస్తూ పెరిగావు కాబట్టి ఆ మనసు నీకు వేరే చెప్పక్కర్లేదు. స్టేషన్ దిగగానే బీచికి పరుగెత్తకుండా ఇల్లా ద కూబా వీధిలో నెమ్మదిగా నడవండి. ఇనప చువ్వల బాల్కనీలు, గోడల మీద పూల లతలు, రంగు పలకలు అన్నీ ఆ డబ్బుతో వచ్చినవే. క్యూబాలో 1886 దాకా బానిసత్వం ఉందన్న మాట కూడా మనసులో పెట్టుకుని చూడు. ఆ అందానికి మూల్యం చెల్లించినవాళ్లలో చాలామంది ఈ ఊరిని కంటితో చూడనైనా లేదు.

ఊరికి అసలు సొగసు తెచ్చింది ఒక చిత్రకారుడు, సాంతియాగో రుసిన్యోల్. 1891లో వచ్చి, ఇక్కడి వెలుతురుకి ముగ్ధుడై, సముద్రం ఒడ్డున జాలర్ల ఇళ్లు కొని కలిపి కట్టించుకున్నాడు. దాని పేరు కావ్ ఫెర్రాత్. అప్పటికి పాతకాలపు చిత్రకారుడు ఎల్ గ్రేకోని లోకం పెద్దగా పట్టించుకోవడం లేదు. రుసిన్యోల్ 1894లో పారిస్‌లో ఆయన చిత్రాలు రెండు కొని తెచ్చి, స్టేషన్ నుంచి ఇంటిదాకా దేవుళ్లని ఊరేగించినట్టు ఊరేగించాడు. నాలుగేళ్లకి ఊరివాళ్లు తలా కొంత చందా వేసుకుని సముద్రం ఒడ్డున ఎల్ గ్రేకో విగ్రహం కూడా పెట్టారు. జాలర్లు, ద్రాక్షతోటల రైతులు ఉన్న చిన్న ఊరు చేసిన పని అది!

ఆ ఇంట్లోకి వెళ్లినప్పుడు కింది గదిలో కాసేపు ఆగు. గోడలు చిక్కటి నీలం, వాటి మీద పాత పింగాణీ పళ్లేలు, కిటికీలోంచి చూస్తే కింద సముద్రం. ఇంటి నీలం ఎక్కడ ఆగి నీళ్ల నీలం ఎక్కడ మొదలైందో కన్ను ఒక్క క్షణం పోల్చుకోలేదు. పై హాలంతా ఇనుము: గొళ్లేలు, తాళాలు, కొవ్వొత్తి స్తంభాలు. పాత ఇళ్లవాళ్లు పారేసిన కమ్మరి పని ఆయన ఏరి తెచ్చుకున్నాడు. ఆ నల్లటి ఇనుము మధ్య, ఎల్ గ్రేకో గీసిన, కన్నీళ్లతో పైకి చూస్తున్న సెయింట్ పీటర్ ఉంటాడు. ఆ కళ్ల తడిని దగ్గరగా నిలబడి చూడు. 1931లో పోతూ పోతూ రుసిన్యోల్ ఈ ఇల్లంతా ఊరి పేర రాసిచ్చాడు. 1933 నుంచి అది మ్యూజియం. సోమవారం తెరవరు, ఆ రోజు మాత్రం పెట్టుకోవద్దు.

దాన్ని ఆనుకునే మరిసెల్ భవనం ఉంది. షికాగో పారిశ్రామికవేత్త చార్ల్స్ డీరింగ్ పాత ఆసుపత్రిని కొని, మిగెల్ ఉత్రియో అనే చిత్రకారుడి చేత మహలుగా మార్పించుకున్నాడు. ఇద్దరికీ చెడింది. 1921లో డీరింగ్ తన కళాఖండాలన్నీ మూటగట్టుకుని వెళ్లిపోయాడు. పక్కపక్కనే ఉన్న ఆ రెండు గుమ్మాల ముందు సందులో నిలబడినప్పుడల్లా నాకు రుసిన్యోల్ మీద గౌరవం పెరిగేది. అలాంటివాడే ఇంకొకడు, మాన్యువల్ యోపిస్ అనే దౌత్యాధికారి. తన ద్రాక్షతోటని స్థానిక ఆసుపత్రికి రాసిచ్చాడు, మల్వాసియా తీగని బతికించాలన్న షరతు మీద. ఈనాటికీ ఆ ఆసుపత్రి తియ్యటి మల్వాసియా వైను చేసి అమ్ముతోంది. వీలునామాలతో నిలబడ్డ ఊరు అది, రిసార్టు కంపెనీలు కట్టింది కాదు.

ఇక సముద్రం. మన బంగాళాఖాతం కెరటాలకి అలవాటుపడినవాడివి, అక్కడి నీళ్లు నీకు చెరువులా అనిపిస్తాయి. జిబ్రాల్టర్ దగ్గర మహాసముద్రంలోంచి వచ్చే దారి ఇరుకు కాబట్టి ఆటుపోట్లు దాదాపు కనిపించవు. అలాగని జెండాలు చూడకుండా దిగకు. ఎర్ర జెండా ఎగిరితే ఒడ్డునే ఉండు. మే నెలలో నీళ్లు చల్లగా ఉంటాయి, సెప్టెంబరులో హాయి. సాన్ సెబాస్తియా బీచి చిన్నది, ఊరివాళ్ల పిల్లలూ పెద్దలూ వచ్చే చోటు, అక్కడికే వెళ్లండి. దాన్ని దాటి బల్మిన్స్ వైపు వెళ్తే బట్టల్లేకుండా స్నానం చేసేవాళ్లు ఉంటారు. ఊళ్లో చేతులు పట్టుకుని నడిచే మగవాళ్ల జంటలు చాలామంది కనిపిస్తారు. దశాబ్దాలుగా వాళ్లు నిర్భయంగా బతికే ఊరు ఇది. మీ గుంపులో ఎవరైనా నవ్వడం, తేరిపార చూడటం, ఫోన్ ఎత్తి ఫొటో తీయడం చేస్తే అక్కడికక్కడే ఆపు. ఈ మాట కచ్చితంగా చెబుతున్నాను.

తిండి గురించి. భోజనం ఒంటిగంటన్నర, రెండు తర్వాతే. గురువారమైతే మధ్యాహ్నం భోజనంలో పాయెయా అనే అన్నం వంటకం పెట్టే హోటళ్లు చాలా ఉంటాయి, నీకు చేపలూ రొయ్యలూ ఇష్టం కాబట్టి ఆ రోజు చూసుకో. చలికాలంలో వెళ్తే షతో తినాలి. బాదం, హేజల్‌నట్, ఎండు న్యోరా మిరప, వెల్లుల్లి కలిపి రోట్లో నూరిన ముద్దని ఆకుకూర, ఉప్పుచేప మీద వేస్తారు. నీతో వచ్చే శాకాహారి స్నేహితుడికి టమాటా రుద్దిన రొట్టె, నిప్పుల మీద కాల్చిన వంకాయతో చేసే ఎస్కలివాదా ఉన్నాయి. కూరగాయల పాయెయా అన్నా సరే, చేపల నీళ్లతో వండారేమో అడిగి మరీ తినమను.

రాత్రి భోజనమయ్యాక ఒడ్డున నడక దారిలో ఊరంతా కనిపిస్తుంది. ముసలి దంపతులు నలగని బట్టలు కట్టుకుని బయటికి వస్తారు. మీరు కూడా స్నానం చేసి చక్కటి చొక్కాలు వేసుకోండి. బీచి బట్టల్తో వీధుల్లో తిరగడం వాళ్లకి నచ్చదు.

ఆగస్టులో విపరీతమైన జనం, గదుల ధరలు మండిపోతాయి. ఒక్క 23, 24 తేదీలు మాత్రం వేరు. సెయింట్ బార్తలోమ్యూ పండగ, రాత్రి చర్చి మీదుగా బాణసంచా, పగలు మనిషి మీద మనిషి ఎక్కి కట్టే గోపురాలు. ఆ రోజుల్లో వెళ్లాలనుకుంటే ఇప్పుడే గది చూసుకో. లేదంటే సెప్టెంబరు రెండో వారంలో బుధవారం పొద్దున బయల్దేరి, గురువారం మధ్యాహ్నం పాయెయా తిని తిరిగి రండి. ఏ తేదీలు కుదిరాయో నాకు రాయి. ఆసుపత్రి వైను దొరికే చోటు వివరాలు, నేను దిగే లాడ్జి అడ్రసు పంపిస్తాను.

ప్రేమతో,
అక్క